రసములు ఆరా, తొమ్మిదా?

చిరంజీవి జనార్దనునికి అన్న దీవించి వ్రాయునది.

నేడు వ్యాసపూర్ణిమ, విద్య నేర్పినవారికి మ్రొక్కవలసిన దినము. నాకు మాత్రం నీ మీద కోపమే వస్తున్నది. నిన్న నెల్లికుదురు బడిలో లెక్కలు చెప్పే మా అమ్మాయి వనమాల ఇరవైయేడు పేకముక్కలను, ముక్కను కనిపెట్టే గారడీకి నీవు కట్టిన పద్యం చెప్పిన క్రమంలో పేర్చింది. విద్యార్థి తలచిన ముక్క “రస”స్థానంలో తేలాలి. అంకెలను మాటలతో చెప్పే పాత గణితంలో రసములంటే షడ్రుచులు, అనగా ఆరు. నీ వద్ద నవరసాలు చదివిన మా పిల్ల తొమ్మిదవ ముక్క తీసింది.

“గిది నాది కాదు టీచర్. లెక్క గూడ తప్పుతదా?” అన్నాడట ఆ విద్యార్థి.

లెక్క తప్పదని చూపడానికే ఆమె పూనుకొన్నది. ఇప్పుడు పేకముక్కలు చూపితే “పత్తాలు మల్ల ముట్ట, నాయినా” అంటున్నది. తప్పు లెక్కది కాదు, పద్యానిదని నీవే ఫోనులో చెప్పు.

మరదలి మోకాలినొప్పి తగ్గిందా? నా కండ్లద్దాలు జనగామలో మీ ఇంట్లోనే మరచినాను, పంపించు.

ఆ బడిపిల్లలకు లెక్క మీద నమ్మకం చెదరకుండుగాక.