గురమ్మను గొర్రెగా నమోదు చేయుట గురించి

భావనపాడు,
12-7-2016

శ్రీయుత డైరెక్టరు గారికి,
పశు మస్తిష్క పరిశోధనా కేంద్రం, భోగాపురం.

అయ్యా,

విషయం: నా భార్య గురమ్మను (48 సం.) తమ కేంద్రంలో గొర్రెగా నమోదు చేసుకొనుటకు మనవి.

1. గురమ్మ ముప్పై ఏళ్లు తలపై గంప మోసి నౌపడలో చేపలమ్మిన మనిషి. ఉగాది నుండి మాట తడబడుతోంది, కుడిచేయి పట్టు తప్పుతోంది. మెదడుకు రక్తం సరిగా అందడం లేదేమో, ఎమ్మారై తీయాలి, ఆలస్యమైతే మనిషి పడిపోవచ్చునని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పారు. తీయడానికి అదే ఆసుపత్రి నవంబరు 22 తేదీ ఇచ్చింది.

2. ఆ వారమే తమ ఉద్యోగి విజయ్‌కుమార్ గారు వచ్చి, అమ్మవారికి మొక్కుకున్న మా పొట్టేలును ఎమ్మారై మిషన్లో పెట్టి పరిశోధించుటకు అడిగారు. "డబ్బులొద్దు బాబూ, మా గురమ్మని కూడా ఆ మిషన్లో ఓపాలి పెట్టండి" అన్నాను. "సూద్దాంలే అసిరయ్యా" అని చేతిలో చెయ్యి వేశారు. మా రేవులో పడవెడు చేపల బేరమైనా చేతిలో చెయ్యి వేస్తే ఖాయం. తమ శాఖలో అది వీడ్కోలు అని నాకు తెలియదు.

3. మరునాడే పొట్టేలుకు మత్తిచ్చి, చెవుల్లో దూది పెట్టి, కంబళి కప్పి, మెదడులో నిమిషానికి ఎంత రక్తం తిరుగుతోందో మూడుసార్లు కొలిచారు. రంగుల బొమ్మ నాకూ చూపించారు. దాని బుర్రకు ఏ లోటూ లేదని తెలిసి సంతోషించాను.

4. గురమ్మ సంగతి అడుగగా, "ఇది జంతువుల మిషను, మనుషులకి పర్మిషన్ లేదు" అన్నారు. అందుచేతనే ఈ అర్జీ. తమ ప్రకటన ప్రకారం గొర్రె నలభై కిలోలు ఉండాలి. గురమ్మ ముప్పై తొమ్మిదిన్నర ఉన్నది. ఆ అరకిలో గంజి పట్టించి నేను సర్దుతాను. చెవికి నంబరు బిళ్ల తగిలించినా అభ్యంతరం లేదు, కమ్మల రంధ్రాలు ముందే ఉన్నాయి.

5. ఆమె అరవదు. ఒకప్పుడు నౌపడ స్టేషను అవతలికి వినిపించిన గొంతు అది. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నాకు భయంగా ఉన్నది.

కావున తమరు ఈ మనవిని చిత్తగించవలెను. నవంబరుకు ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మైలపల్లి అసిరయ్య
(పొట్టేలు నం. 17 మాజీ యజమాని)

తా.క.: మిషను దగ్గర లోహం పనికిరాదని పొట్టేలు మెడలో గంట తీయించారు గదా. గురమ్మ ముక్కుపుడక, మెట్టెలు నిన్ననే తీశాను. పుస్తెలు మాత్రం గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. "నువ్వు బతికున్నావు కదేటి" అంది. ఆ మూడు మాటలకు చాలాసేపు పట్టింది. చివరకు మెడలో పసుపుకొమ్ము కట్టి, అప్పుడు పుస్తెలు విప్పాను. ఇప్పుడు ఒంటిమీద లోహం ఏదీ లేదు. పొట్టేలును తీసుకుపోయిన బండి మళ్లీ వస్తుందని చెప్పాను. పొద్దున్నుంచి గుమ్మంలో కూర్చుని ఉంది.