అయిదు నిమిషాల బెంచీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వచనములు.

నీ పరిశోధన ఏ బీరువాలోనో మూలుగుతోందనీ, ఉద్యోగం మానేస్తాననీ వ్రాశావు. తొందరపడకు. మా ఆరోగ్యకేంద్రంలో మూడు నెలలుగా నర్సమ్మ బీపీ చూసే ముందు అందరినీ బెంచీమీద కూర్చోబెడుతున్నది.

"మాస్టారూ, అయిదు నిమిషాలు నోటికి తాళం. మాట్లాడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది" అన్నది.

నలభై ఏళ్లు పిల్లల నోళ్లు మూయించినవాణ్ణి, బుద్ధిగా మూసుకున్నాను. ప్రతిసారీ బీపీ తక్కువే వచ్చింది. నిన్న డాక్టరుగారు నా రెండవ మాత్ర తీసేశారు. ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగితే, నర్సమ్మ గోడకు అంటించిన కాగితం చూపింది. అది నీ నివేదికలోని పదకొండవ పుట. అందులో రెండు అక్షరదోషాలున్నాయి, క్షమించాను.

రాజీనామా వ్రాసే ముందు నువ్వూ అయిదు నిమిషాలు కూర్చో. ఆ తరువాత ఈ ఉత్తరాన్ని మీ కార్యాలయంలో అందరికీ వినబడేలా చదువు.