హారతి హాజరు

జులై 19, 2021. సోమవారం

సెకండ్ పీయూసీ క్లాసులు మొదలయ్యాయి. కరోనాకు కాలేజీ మూసే ఉంది, అంతా ఫోనులోనే. హారతి సండూరు దగ్గర తారానగర్‌లో వాళ్ళింట్లో, నేను బళ్ళారి కౌల్ బజార్‌లో మా ఇంట్లో. కాలేజీలో ఒకే బెంచీ మాది.

పొద్దున్నే ఫోన్ చేసింది. మా ఊర్లో సిగ్నల్ సరింగా లేదే, రెండు దినాలు నా పేరుతో నువ్వే జాయిన్ అవు అనింది. నాన్న పాత ఫోను మా అంగట్లో ఊరికే పడి ఉంది. దాంట్లో హారతి అని పేరు పెట్టి చేరిపోయాను. కెమిస్ట్రీ సార్ ఒక్కొక్కరినీ పిలుస్తారు, మ్యూట్ తీసి పలకాలి. హారతి గొంతు కాస్త బొంగురు. నేనూ బొంగురుగా ప్రెజెంట్ సార్ అన్నాను. సార్‌కు అనుమానమే రాలేదు. తర్వాత దిండులో ముఖం పెట్టుకుని నవ్వాను.

జులై 22

ఇంకో రెండు దినాలు అంట.

జులై 27. మంగళవారం

సిగ్నల్ లేదన్నది పచ్చి అబద్ధం. లేచి చూస్తే హారతి పంపిన రీల్స్ నలభై ఒకటి. మొదటిది రాత్రి పన్నెండుకు, చివరిది తెల్లారి ఐదుకు. కుక్కపిల్లలు, పెళ్ళి మేకప్, ఎవరో ఏడుస్తున్న పిల్ల. వాటితో ఒక్క మాట కూడా లేదు.

ఫోన్ చేసి అడిగాను. క్లాసు తెరిస్తే గుండె దడదడ కొట్టుకుంటాండాది, ఇవి చూస్తాంటే ఏమీ గుర్తుకు రాదు అనింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కత అని వెక్కిరించాను. మామూలుగా అయితే ఎదురు తిట్టేది. ఈసారి ఫోన్ పెట్టేసింది.

నిజం రాసుకోవాలి. నాకు దిగులు కన్నా గర్వమే ఎక్కువగా ఉంది. రెండు ఫోన్లూ, రెండు గొంతులూ నేనే నడుపుతున్నాను. ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

జులై 30

సార్ గ్రూపులో అటెండెన్స్ లిస్టు పెట్టారు. హారతికి నూటికి నూరు. నాకు తొంభై. ఆమె పేరున్న ఫోను చూసుకుంటూ ఒకరోజు నా పేరుకు పలకడం మరిచిపోయాను.

ఆగస్టు 2

స్క్రీన్ మీద నల్ల గడి, మధ్యలో H. పాఠం వినకుండా దాన్నే చూస్తూ కూచుంటున్నాను. లోపల ఎవరో ఉన్నారనిపిస్తుంది.

అమ్మ తలుపు దగ్గరకొచ్చి ఇంగో పిల్ల గొంతు వినిపిస్తాండాది, ఎవురే లోపల అని అడిగింది. ఎవరూ లేరమ్మా అన్నాను. ఆ మాట కూడా బొంగురుగానే వచ్చింది.

ఆగస్టు 4. ఉదయం 10.20

ఇది ఇప్పుడే రాయాలి.

సార్ హారతి అని పిలిచారు. పలికాను. చూస్తే లిస్టులో హారతులు ఇద్దరు. గడులు రెండు, రెండింట్లోనూ H. రెండోది మ్యూట్ తీసింది. మాట రాలేదు. ఊపిరి ఒకటే వినిపించింది, వెనక ఎక్కడో లారీ హారన్. ఏమ్మా హారతీ, రెండు ఫోన్లలో వచ్చినావా, ఒకటి తీసెయ్ అన్నారు సార్.

తీసెయ్యాల్సింది నేను. దొంగకు తేలు కుట్టినట్టు కదలకుండా కూచున్నాను. ఆమే వెళ్ళిపోయింది.

సాయంత్రం 5

హారతి మెసేజ్. ఈపొద్దు ఎట్లో ధైర్యం చేసుకోని వచ్చినా, చూస్తే నేను ముందే ఉండా, నాకన్నా నువ్వే బాగుండావు హారతి లెక్క, ఇంక నేను యాడ ఉన్నా ఎవురికీ తెల్దు.

నవ్వే బొమ్మ పంపాను. నవ్వే బొమ్మ. నా చేతులు విరగ్గొట్టాలి.

ఆగస్టు 5

హారతి ఆన్‌లైన్ అని చూపిస్తోంది. ఫోన్ చేస్తే ఎత్తదు.

ఆగస్టు 6. శుక్రవారం

నా ఫోను మోగకుండానే అరచేతిలో వణుకుతున్నట్టుంటుంది. తీసి చూస్తే ఏమీ ఉండదు. అన్నం తింటూ చూస్తున్నాను, బాత్రూంకు తీసుకుపోతున్నాను. ఆమెకు పట్టిందే నాకూ పట్టిందేమో.

ఈరోజు ఆమె పేరుతో చేరలేదు. సార్ ఆబ్సెంట్ వేశారు. ఆబ్సెంట్ పడితే కాలేజీ నుంచి ఇంటికి మెసేజ్ పోతుంది, వాళ్ళమ్మకు తెలుస్తుంది, పీడా పోతుంది అనుకున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది. అడ్మిషన్ ఫారంలో తండ్రి నంబరు అన్న చోట హారతి తన నంబరే రాసింది. నా పక్కన కూచునే రాసింది. ఆ మెసేజ్ ఆమెకే పోయింది.

సార్‌కు చెప్పొచ్చు. చెబితే ఇద్దరి హాజరూ కొట్టేస్తారు, హాల్ టికెట్ ఆపుతారు, నాన్న చెప్పు తీస్తాడు. ముందు ఇవే ఆలోచించాను. ఆమె తిన్నదా, నిద్రపోయిందా, ఏమైనా చేసుకుంటుందా అన్నది తర్వాత వచ్చింది. సిగ్గుగా ఉంది.

ఆగస్టు 8. ఆదివారం

నోట్సు ఇచ్చి వస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి సండూరు బస్సెక్కి తారానగర్‌లో దిగాను.

హారతి వాళ్ళమ్మ హనుమక్క వాకిట్లో ఉంది. నన్ను చూడగానే నోటి మీద వేలు పెట్టుకుంది. పాపకి క్లాసు నడస్తాండాది, మెల్లగ రామ్మా అనింది గుసగుసగా. చదువుకు అడ్డమని కోళ్ళను దొడ్లోకి తోలేసిందంట. అన్నం పళ్ళెం గది తలుపు బయట పెడుతుందంట. ఉదయం పెట్టింది అట్లే ఉంది, చీమలు పట్టాయి.

లోపలి నుంచి గొంతులు. హిందీలో ఒకడు, ఇంగ్లీషులో ఒకతె, మధ్యలో గలగల నవ్వులు. హనుమక్కకు తెలుగు, కన్నడ తప్ప రావు. ఎన్ని భాషల్లో చెప్తాండారో చూడమ్మా సార్లు, ఒక్కోతూరి నగిస్తారు కూడా అనింది. ఆ ముఖంలో గర్వం చూడలేకపోయాను.

చిన్నమ్మా, ఈపొద్దు ఆదివారం అన్నాను.

అవునమ్మా, సెలవు కూడా తీసుకోకుండా చెప్తాండారు పాపం అనింది.

అప్పుడు మొత్తం చెప్పేశాను. ఇన్ని రోజులూ క్లాసులో ఉన్నది నేనే అని. ఆమె తిట్టలేదు. లేచి తలుపు తట్టింది. మళ్ళీ తట్టింది. తర్వాత భుజంతో తోసి తెరిచింది.

కిటికీకి ఎరువు సంచి కట్టి ఉంది. హారతి గోడకు ఆనుకుని కూచుంది. జడ అట్ట కట్టింది, బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసింది, గుర్తుపట్టలేదు. హనుమక్క ఫోను లాక్కుంటే అడ్డు కూడా చెప్పలేదు. ఖాళీ చేతిలో బొటనవేలు మాత్రం పైకీ పైకీ జరుగుతూనే ఉంది. తల్లి ఆ వేలిని పిడికిట్లో పట్టుకుంది. అది పిడికిట్లోనూ ఆగలేదు. హనుమక్క గట్టిగా ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఆగస్టు 12

వాళ్ళ నాన్న పంపన్న, మైనింగ్ లారీ డ్రైవరు, పనికి సెలవు పెట్టి హారతిని బళ్ళారి తీసుకొచ్చాడు. మనసుకు చూసే డాక్టరు దగ్గర చూపించారు. మందులతో, మాటలతో నయమవుతుంది, ముందు నిద్ర పట్టాలి అన్నారంట. ఇన్ని దినాలు కాలేజీ వాళ్ళకు కూడా తెలియలేదా అని అడిగారంట. హాజరు నిండుగా ఉండె సార్ అన్నాడంట పంపన్న.

సార్‌కు నేనే చెప్పాను. ఇద్దరి హాజరూ కొట్టేశారు. నాన్న చెప్పు తీయలేదు. మాట్లాడడం లేదు, అంతే. దానికన్నా చెప్పు దెబ్బే మేలు.

ఆగస్టు 23

కాలేజీ తెరిచారు. హారతి రాలేదు. నా పక్కన ఎవరినీ కూచోనివ్వలేదు.

సెప్టెంబరు 20. సోమవారం

హారతి వచ్చింది. నా పక్కనే కూచుంది. సార్ ఆమె పేరు పిలిచారు. ఆమె పలకలేదు. నేను పలుకుతానని నా వైపే చూస్తూ కూచుంది. సార్ మళ్ళీ పిలిచారు.