అడ్డా లీడరు, టాబ్లెట్ డబ్బా

శనివారం, మెదక్

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నేను ఇవాళ ఒకరికి పాఠం చెప్పాను!

దవాఖానా దగ్గర రేగోడ్ ఊరి యాదయ్య మామ బస్టాండుకని నా ఆటో ఎక్కాడు. ఆటోలో మేమిద్దరమే కాబట్టేమో, మనసులో మాట చెప్పాడు: హెచ్‌ఐవీ టాబ్లెట్లు ఇక మింగడట. "మంచిగనే ఉన్నగద అల్లుడా, ఇంకెందుకు?"

"మామా, మా ఆటో అడ్డాల ఎవలికన్న ఆపదొస్తే లీడర్ ఫోన్ కొడ్తడు, అందరు ఉరికొస్తరు. ఒంట్ల గసుంటి లీడరే సీడీ4 కణం. వైరస్ సీదా వాని ఇంట్లనే జొరబడి పిల్లలు పెడ్తది, ఆఖరికి వాన్నే సంపుతది. ఇగ ఫోన్ కొట్టేటోడు లేకుంటే, రోగాలతోని కొట్లాడే ఫౌజు ఒంట్ల ఉన్నా రాదు. టాబ్లెట్ ఆ వైరస్‌ను పెరగనియ్యదు. గని వైరస్ లోపల దాక్కునే ఉంటది. మింగుడు ఆపితే మళ్ల లేస్తది."

"గింత ఎరుకనా! నువ్వేమన్న డాక్టర్‌వా?" అని నవ్వాడు.

ఇవాళే దవాఖానాలో తెచ్చుకున్న నా హెచ్‌ఐవీ టాబ్లెట్ డబ్బా తీసి చూపించాను. అమ్మకు తప్ప ఎవరికీ చూపించనిది. మామ నవ్వు ఆగిపోయింది.

దిగేటప్పుడు, "రాత్రి తొమ్మిదింటికి ఫోన్ కొట్టు. ఇద్దరం ఒక్కపారే మింగుదం" అన్నాడు.

అడ్డాలో ఎవరికైనా చెప్తాడేమో... ఆ భయం ఉంది. అయినా తొమ్మిదింటికి కొట్టాను.

"మింగిన లీడరూ" అన్నాడు.