జాగో గారు తాగని టీ

ప్లిమత్, మార్చి 3

ప్రియమైన అమ్మమ్మా,

ఫోనులో నీకు వినపడదు కాబట్టి నా కోపమంతా కాగితం మీదే కక్కుతున్నాను. నువ్వు ముప్పై ఏళ్లు చాకిరీ చేసిన కేర్ హోమ్‌లోనే నేనూ పని నేర్చుకుంటున్నాను కదా, నువ్వే చెప్పు.

ప్రతి మంచం దగ్గరా ఒక చార్టు. ముసలివాళ్లు టీ, నీళ్లు ఎంత తాగారో అందులో రాయాలి. ఇక్కడివాళ్లు ఏం చేస్తారంటే, కప్పు బల్ల మీద పెట్టగానే 'రెండు వందల మిల్లీలీటర్లు' అని గీకేసి పోతారు. గంటాగి ఆ నిండు కప్పే తీసుకెళ్లి సింకులో పారబోస్తారు!

ఏడో గదిలో జాగో గారని ఉన్నాడు. రైల్వేలో సిగ్నళ్లు లాగిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి. దగ్గర కూర్చుని తాగిస్తే కప్పుకి ఇరవై నిమిషాలు. నిన్న చల్లారిన టీ చూపించి, "ఏం పిల్లా, ఇది నాకా, కుండీలో మొక్కకా?" అన్నాడు. ఒక్క గుక్క పట్టించానో లేదో, పక్క గదిలో పిలుపు గంట మోగింది. చార్టులో 'ముప్పై' అని రాశాను. నిజం అంతే మరి.

మేనేజరు గ్లెనిస్ గదిలోకి పిలిచింది. "మిగతావాళ్లున్న రోజు పదిహేను వందలు, నువ్వున్న రోజే నాలుగు వందలా? అంటే తాగించడం చేతకావట్లేదన్నమాట. ఇలాగైతే నీ సర్టిఫికెట్టు మీద నేనెలా సంతకం పెడతానమ్మా?" అంది. ఆ సంతకం లేకపోతే నా ఏడాది చదువూ పనీ బూడిదే.

ఒళ్లు మండుతున్న
నీ లోవెనా

*

పెన్జాన్స్, మార్చి 11

లోవెనా తల్లికి,

కాస్త తమాయించుకో. సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా వాళ్లు రాసినట్టే రాయి. ముప్పైమందికి ముగ్గురుంటే ఎవరి దగ్గరని కూర్చుంటారే? మా రోజుల్లోనూ ఇంతే.

ఇకనుంచి ఉత్తరాలు మోర్వెన్నా పిన్ని ఇంటికి రాయి. నాకు కొంచెం నడుం నొప్పి, అదే చూసుకుంటోంది. అక్షరాలు వంకరపోయాయని నవ్వకు.

ఆశీస్సులతో
అమ్మమ్మ

*

ప్లిమత్, మార్చి 29

అమ్మమ్మా,

ఈసారి ప్రియమైన అనను. నీ మాట విని పది రోజులు అందరిలాగే రాశాను. గ్లెనిస్ భుజం తట్టి, "ఇప్పుడు దారికొచ్చావు" అంది.

ఆదివారం జాగో గారు నన్ను గుర్తుపట్టలేదు. పెదాలు పగిలిపోయి, లేని రైలుకి చెయ్యి ఊపుతున్నాడు. అంబులెన్సులో నేనే వెళ్లాను. ఆసుపత్రిలో డాక్టరు చార్టు తిరగేసి, "ఇంత తాగే మనిషికి ఒంట్లో నీళ్లు తగ్గవు కదా, ఇది వేరే జబ్బు" అని పరీక్షల మీద పరీక్షలు చేయించింది. ఒక పూట పోయింది. ఆ పూటని తిన్నది నా చేతిరాత. ఆపుకోలేక, "అది అబద్ధం డాక్టరుగారూ, రాసింది నేనే" అన్నాను. అప్పుడు సెలైన్ ఎక్కించారు. ఆయన బతికాడు.

గ్లెనిస్ ఏమందో తెలుసా? "తప్పుడు లెక్క రాశానని నువ్వే ఒప్పుకున్నావు. మిగతావాళ్లెవరూ ఒప్పుకోలేదే!" వచ్చే శుక్రవారం విచారణట. నా ఒక్కదాని మీదే! మొన్నటిదాకా నాతో కలిసి బిస్కెట్లు తిన్నవాళ్లు ఇవాళ నన్ను చూసి గోడలు చూస్తున్నారు.

అలా రాయమని నాకెందుకు చెప్పావు?

లోవెనా

*

ట్రూరో, ఏప్రిల్ 1

లోవెనా,

నేను పిన్ని ఇంట్లో లేను. ఫిబ్రవరిలో పడి తుంటి విరగ్గొట్టుకున్నాను. ట్రూరోలో ఒక కేర్ హోమ్‌లో ఉన్నాను. తెలిస్తే పని మానేసి పరిగెత్తుకొస్తావని పిన్నిని నీకు చెప్పనివ్వలేదు.

పిన్ని తెచ్చిచ్చిన నీ ఉత్తరం చదివి, నా చార్టు ఇమ్మని ఇక్కడి పిల్లని అడిగాను. నిన్న నేను పద్నాలుగు వందలు తాగానట. నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. కప్పేమో కిటికీ దగ్గర, నాకందని చోట. ఆ పిల్ల మీద ఇల్లెగిరేలా కేకలేశాను. "చేరిన రోజే ఇలా రాయమని చెప్పారండీ" అని ఏడ్చింది.

చార్టులు కొత్తగా వచ్చిన ఏడాది, "పెట్టగానే రాసేయండర్రా, మళ్లీ ఎవరు తిరుగుతారు" అని ప్లిమత్‌లో కొత్త పిల్లలకి నేర్పింది నేనే. ఆ పిల్లల్లో మీ గ్లెనిస్ ఒకతి.

శుక్రవారం విచారణకి పిన్ని నన్ను చక్రాల కుర్చీలో తీసుకొస్తోంది. ఎవరు ఎవరికి నేర్పారో, ఎన్నేళ్లుగా రాస్తున్నారో, పేర్లతో సహా రాసి సంతకం పెట్టాను. ఒక కాపీ కేర్ హోమ్‌ల తనిఖీవాళ్లకి పంపేశాను కూడా. నీ సర్టిఫికెట్టు దక్కుతుందో లేదో నాకు తెలియదు. నువ్వొక్కదానివే దోషివని మాత్రం ఎవర్నీ అననివ్వను.

నన్ను తిట్టాలని ఉంటుంది నీకు. తిట్టు. అయితే విచారణ ముగిశాక. ముందు నన్ను చెప్పనీ.

నీ అమ్మమ్మ