నీళ్లు పోసే చెయ్యి

ఎల్బీనగర్,
9-10-2011, ఆదివారం.

చిరంజీవి సుప్రియకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, నాన్న బాగానే ఉన్నాం. బాగున్నామని రాయడం ఉత్తరానికి అలవాటు కనుక రాశాను. ఎంత బాగున్నామో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. నా రాత వంకరపోయిందని మాత్రం నవ్వకు. తిరుపతి హాస్టల్ సాంబారు మీద నువ్వు రాసిన అరపేజీ నాన్నకు చదివి వినిపించాను. "బిడ్డ చదువుకోనీకె పోయిందా, సాంబార్ల ఈత కొట్టనీకె పోయిందా?" అని ఒకటే నవ్వు.

పండక్కి నువ్వు రాకపోవడమే నయమైంది. తెలంగాణ సమ్మెలో బస్సులు డిపోల్లోంచి కదలక మూడు వారాలవుతోంది. బతుకమ్మకు తంగేడు పువ్వు తెచ్చేవాళ్లు లేక గల్లీ అంతా బంతిపూలతోనే పేర్చుకున్నాం. పాటల్లో సగం గౌరమ్మవి, సగం తెలంగాణవి. సింగరేణి బొగ్గు రావడం లేదని కరెంటు కూడా ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. ఈ కరెంటు సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి అలాగే ఉంది, మాట వినకపోవడమూ అలాగే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో నాన్న పనిచేసే బట్టల షాపు సగం షట్టర్ వేసి కూర్చుంటున్నారు. రోజంతా ఒక్క చీర అమ్ముడుపోకపోయినా నాన్నకు దిగులు లేదు. "ఇయ్యాల పోకపోతే రేపు పోతది. చీరె ఏమన్న పాలా, ఇరిగిపోనీకె?" అంటాడు. నా పని పాలలాంటిదే మరి.

నువ్వడిగిన పాఠం సంగతి ఇదే. ఇంట్లోవాళ్లు చేసే ఏదో ఒక సేవను తీసుకుని, అది సరుకుకు ఎలా వేరో రాయమన్నారని, నువ్వు నా పని గురించే రాస్తానని అన్నావు. ఫోన్లో చెబితే మరిచిపోతావట, కాగితం మీద పెట్టమన్నావు. ముందు సిగ్గేసింది. ఎంబీఏ చదివే పిల్ల, మా అమ్మ బాలింతల ఇళ్లకు వెళ్లి పసిబిడ్డలకు నీళ్లు పోస్తుందని అందరిలో చెబుతుందా అని. తర్వాత గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

పోచంపల్లిలో నాన్న మగ్గం నేసిన రోజుల్లో చీర కొనేవాళ్లు కొంగు విప్పి, వెలుతురుకు పట్టి, అంచు నలిపి చూసేవాళ్లు. నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి తీయమనేవాళ్లు. నేను పోసే నీళ్లను ఎవరు విప్పి చూస్తారు? నన్ను పిలిచేవాళ్లకు ఫలానా ఇంట్లో పిల్ల బాగా నిద్రపోయిందన్న మాట ఒక్కటే ఆధారం. పని అయ్యాక చూపించడానికీ ఏమీ ఉండదు. తడిసిన పీట, సాంబ్రాణి వాసన, కళ్లు మూతలు పడుతున్న బిడ్డ. అంతే. నిన్న పోయని నీళ్లు ఇవాళ రెండుసార్లు పోసినా నిన్నటి స్నానం తిరిగి రాదు. ఈ సమ్మె సర్కారుకు నొప్పెడుతున్నది కూడా అందుకే కదా. నిన్న నడవని బస్సును ఎవరైనా ఇవాళ ఎక్కగలరా?

చెయ్యి మార్చినా కుదరదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇందిరాదేవిగారు నీకు గుర్తుండే ఉంటారు, గుంటూరు వైపువాళ్లు, నీ చిన్నప్పుడు గోరుమిటీలు పెట్టేవారు. వాళ్ల పెద్దమ్మాయి పిల్లలిద్దరికీ నేనే నీళ్లు పోశాను. ఒకసారి నాకు జ్వరమొచ్చి మీ మేనత్తను పంపితే గుమ్మంలోంచే తిప్పి పంపేశారు. "ఆవిణ్ణి పంపితే నేనేం చేసుకోను భూలక్ష్మీ? నాకు నీ చెయ్యి కావాలి" అన్నారు. ఆ మాట పదేళ్లుగా కొంగున కట్టుకుని తిరుగుతున్నాను.

ఇప్పుడు వాళ్ల చిన్నమ్మాయి అమల పురిటికి వచ్చింది. మగపిల్లవాడు. బస్సులు లేకపోయినా మొదట్లో నడిచే వెళ్లాను. ఒకరోజు కొత్తపేట దగ్గర టెంటు వేసుకుని కూర్చున్న పిల్లలు అడ్డం పడ్డారు.

"యాడికి పెద్దమ్మా? బంద్ గదా!"

"పసిపోరనికి తానం పొయ్యనీకె పోతున్న. గదానికి గూడ బంద్ వెడ్తరా?"

పకపకా నవ్వి దారి ఇచ్చారు. నడిచి వచ్చానని ఇందిరాదేవిగారు కాఫీ చేతికిచ్చి, "నీ రుణం తీర్చుకోలేం" అన్నారు. ఇది నీ పాఠంలో రాసుకో, బాగుంటుంది.

ఇక్కడితో ఆపేస్తే ఉత్తరం చక్కగా ఉంటుంది. ఇప్పటికి రెండుసార్లు ఆపి, లేచి, గిన్నెలు తోమి మళ్లీ కూర్చున్నాను. మంగళవారం ఫోన్లో నువ్వు, "ఇంకా నడుస్తున్నవా అమ్మా?" అని అడిగితే, బంద్ గట్టిగా ఉంది, మానేశానని చెప్పాను. ఇందిరాదేవిగారికీ అదే చెప్పాను. పాపం, ఆవిడ నమ్మారు. నాన్న మాత్రం నమ్మలేదు. "పది దినాలు నడ్సుకుంట పోయినవ్. గిప్పుడేమైందే?" అన్నాడు. ఆయన మీద అంతెత్తున లేచాను. నేను అంతలా లేచానంటే తప్పు నాదేనని నీకు తెలుసు.

బంద్ కాదు బిడ్డా. నా చెయ్యి.

శ్రావణం నుంచి కుడిచేతి వేళ్లకు తిమ్మిరి. నిద్రలో చెయ్యి ఒంటి కింద పడి నలిగిందేమో అనుకున్నాను, పనెక్కువైందేమో అనుకున్నాను. ఒకరోజు మసిగుడ్డ లేకుండానే పొయ్యి మీది గిన్నె దించి, బొబ్బలెక్కాక చూసుకున్నాను. కాలినప్పుడు తెలియలేదు. కాలనీ క్లినిక్‌లో డాక్టరమ్మ షుగర్ అంది, నరాలకు పాకిందంది. గోళీలు రాసిచ్చింది. వేసుకుంటున్నాను, నాన్నకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? నా దుకాణమంతా ఆ అయిదు వేళ్లే కదా.

ఒకటో తారీకు శనివారం నేను వెళ్లేసరికి ఇందిరాదేవిగారింట్లో కరెంటు లేదు, గీజరు లేదు. పనిచేసే నాగేశ్వరి గ్యాసు మీద నీళ్లు కాచి తెచ్చి బకెట్లో పోసింది. చన్నీళ్లు కలిపింది నేను. చెయ్యి పెట్టి చూసింది నేను. సరిపోయిందనుకున్నాను. కాళ్లు చాపి, పిల్లవాణ్ణి పడుకోబెట్టి, మొదటి చెంబు వాడి తొడ మీద పోశాను. ఆ ఏడుపు నా ఎరుకలో ఏ బిడ్డా ఏడవలేదు. తొడ మీద అరచేయంత మేర ఎర్రగా అయిపోయింది. వెంటనే చన్నీళ్లు పోశాం, డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. పైపైనే కమిలిందట, బొబ్బ కూడా రాలేదు. మందు రాస్తే రెండు రోజుల్లో తగ్గింది. దేవుడు నా మీద కాదు, ఆ పసివాడి మీద దయ చూపాడు.

ఇందిరాదేవిగారు నాగేశ్వరి మీద పడ్డారు. "సలసల కాగేవి తెచ్చి కుమ్మరిస్తావా? ఒళ్లు తెలియదా నీకు?" అన్నారు. అది ఏడుస్తూ, "నేను పోసినంక అక్క చెయ్యి వెట్టి చూసిందమ్మా" అంది. దానికి ఆవిడ, "భూలక్ష్మి చెయ్యి తప్పు చెప్పదు. ఆవిడ చూశాక నువ్వే మళ్లీ వేణ్ణీళ్లు పోసుంటావు" అన్నారు. ఆ సాయంత్రమే దాన్ని మానిపించారు.

నేను అక్కడే ఉన్నాను సుప్రియా. నోట్లో నాలుక ఉండి కూడా మాట్లాడలేదు. ఆవిడ నా చేతిని మెచ్చుకుంటుంటే తల వంచుకుని పీట కడిగాను. మర్నాటి నుంచి బంద్ పేరు చెప్పి ఇంట్లో కూర్చున్నాను. ఇంతమంది ఒక పెద్ద పనికోసం ఉద్యోగాలు మానుకుని రోడ్డున కూర్చుంటే, నేను వాళ్ల వెనక దాక్కున్నాను. కూర్చోలేను, పడుకోలేను. పూలు పేర్చినా ఆ ఏడుపే, పప్పు ఏరినా ఆ ఏడుపే.

నిన్న పొద్దున నాగేశ్వరి సైదాబాద్ నుంచి ఇక్కడిదాకా నడిచి వచ్చింది. "అక్కా, అమ్మగారికి నువ్వు ఒక్క మాట చెప్పరాదే. నీ మాటంటే ఇంటది" అని బతిమాలింది. ఏం చెప్పాలో తెలియక చాయ్ పెట్టాను. వడగట్టి, గ్లాసు నిండా పోసి, గట్టిగా పట్టుకుని దానికి అందించాను. అది అందుకోబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అబ్బ! ఎట్ల వట్టుకున్నవ్ అక్కా? కాలుతలేదా నీకు?"

అది నా చేతివంక చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది. నేను చెయ్యి కొంగు కింద పెట్టుకున్నాను. అది చాయ్ తాగలేదు. తిట్టలేదు. "పోతున్న అక్కా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

నాగేశ్వరి వెళ్లాక ఒక బకెట్లో నీళ్లు కలిపి చూసుకున్నాను. వేళ్లకు తెలియలేదు. మోచేతికి తెలిసింది. మా అమ్మ అండాలమ్మ ఎప్పుడూ మోచెయ్యే ముంచి చూసేది. నేనే, వేలు ముంచితే చాలని గొప్పలకు పోయాను.

రేపు పొద్దున ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి సైదాబాద్ వెళతాను. నాగేశ్వరిని వెంటబెట్టుకుని ఇందిరాదేవిగారి గుమ్మం ఎక్కుతాను. దాన్ని మళ్లీ పనిలో పెట్టుకోమని అడుగుతాను. నన్ను ఇక రావద్దంటారు, అనాలి కూడా. ఆ మాట వారంలోగా ఇల్లిల్లూ తిరుగుతుంది, నన్నెవరూ పిలవరు. ఒకవేళ ఒప్పుకుంటే నేను పక్కన కూర్చుని చెబుతాను, నాగేశ్వరి చేత పోయిస్తాను. అది ఒప్పుకుంటేనే సుమా. ముందుగా నీకెందుకు రాస్తున్నానంటే, నీకు రాసేశాక రేపు వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి రాలేను.

ఇదంతా చదివాక నా గురించి రాయబుద్ధి కాకపోతే నాన్న చీర గురించి రాసుకో, ఏమీ అనుకోను. రాసేటట్టయితే ఇది కూడా రాయి. చీరలో పోగు తెగితే కొన్నవాళ్లకు కనబడుతుంది. నా పనిలో తెగినది వారం రోజులు నాకొక్కదానికే తెలుసు. నిన్నటి నుంచి నాగేశ్వరికి తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు. రేపు ఆ పిల్లవాడి తల్లికి చెబుతాను.

ఇట్లు,
నీకు మొదటి రోజు నుంచి తానే నీళ్లు పోసిన
అమ్మ, భూలక్ష్మి.