ఎడమ కంటికి సెలవు

శిశు సంక్షేమ కార్యాలయం అధికారి గారికి,
పిల్ల మేనత్త నమస్కరించి రాయునది.

మీ నోటీసు అందింది. అది పిల్ల తల్లిదండ్రుల పేరు మీద వచ్చినా జవాబు నేను రాస్తున్నాను. మా తమ్ముడు దాన్ని చదివి మంచం మీద కూర్చుండిపోయాడు. మరదలు తాను రాస్తానంది గానీ, ఆమె రాస్తే మీరు చివరిదాకా చదవలేరు. ఈ ఇంట్లో పెద్దదాన్ని, కోపం ఆలస్యంగా వచ్చేదాన్ని నేనే.

పిల్ల నుదుటి మీద బొప్పి ఎలా వచ్చిందని, కంటికి ఆ గుడ్డ ఎందుకని అడిగారు. మంగళవారం పొద్దున జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను ప్రార్థన ముగించి లేచేసరికి మరదలు ఒక చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం ఇల్లంతా కుంటుతోంది. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. వీధి చివర సెలూన్ ఉన్న తమ్ముడు కిటికీ దగ్గర కత్తెరలు తుడుచుకుంటున్నాడు. చిన్న తమ్ముడు నిద్రపోతున్నాడు. దాని గురించి రాయడానికేమీ లేదు, రోజూ అంతే. మేము పిచ్చుక అని పిలుచుకునే పిల్ల బల్ల కింద దాక్కుంది. కంటికి గుడ్డ కట్టే వేళ అది.

"రా తల్లీ, ఈ ఒక్క పూటే" అన్నాడు తమ్ముడు.

"నిన్న కూడా ఇదే చెప్పావు నాన్నా."

దాని గొంతు వణకగానే వాడు గుడ్డ జేబులో పెట్టేసుకున్నాడు. మరదలు ఆ జేబులోంచే తీసి కట్టింది. పిల్ల పాలు తాగి, గ్లాసును బల్ల మీద అనుకుని గాలిలో పెట్టింది. నేల తుడిచి, నేను బడికి తీసుకెళ్ళాను. చెయ్యి విడిపించుకుని పరుగెత్తి గేటుకు నుదురు తగిలించుకుంది. కొట్టింది గేటు. మేమెవరమూ చెయ్యి చేసుకోలేదు.

కంటి డాక్టరు గారి చీటీ జతచేశాను.

ఇట్లు,
పిల్ల మేనత్త

తా.క. గేటు మీద చర్య తీసుకోదలిస్తే దాని చిరునామా మీ నోటీసులోనే ఉంది.

* * *

పిల్ల మేనత్త గారికి,
విషయం: కన్ను.

మీ జవాబు పరిశీలించడమైనది. గేటు మా పరిధిలోనికి రాదు.

డాక్టరు చీటీ ప్రకారం పిల్లకు కుడి కన్ను బలహీనము. మా సిబ్బంది బడిలో చూడగా మూసియున్నది ఎడమ కన్ను. అనగా తమరు బాగున్న కంటిని మూసి, బాగులేని కంటితో పిల్లను గేట్ల మధ్య నడిపించుచున్నారు. ఈ పొరపాటు వెంటనే సరిదిద్దుకొనవలెను. లేనిచో పిల్ల వైద్యమునకు సంబంధించిన నిర్ణయములు ఈ కార్యాలయమే తీసుకొనవలసి వచ్చును.

ఇట్లు,
అధికారి

తా.క. పైన ఉన్న మరక టీది. కప్పు నేననుకున్న చోట లేదు.

* * *

అధికారి గారికి నమస్కారం.
దేవుడు మీకు ఓపిక ఇవ్వాలని కోరుకుంటున్నాను. నాకు ఇచ్చింది ఇంకా కొంచెం మిగిలి ఉంది.

అది పొరపాటు కాదండీ. వైద్యమే అది. కుడి కంటికి చూసే అలవాటు తప్పింది. ఎడమది అన్నీ చూసి పెడుతుంటే అదెందుకు కష్టపడుతుంది? మా చిన్న తమ్ముడూ అంతే. పెద్దవాడు జ్వరంతో పడుకున్న వారం తప్ప నీళ్ళ బకెట్టు ముట్టి ఎరగడు. అందుకని రోజూ కొన్ని గంటలు ఎడమ కంటికి సెలవు ఇవ్వమన్నారు డాక్టరు గారు. పిల్లకు ఐదేళ్ళు. ఈ రెండు మూడేళ్ళలో నేర్పితే ఆ కన్ను నేర్చుకుంటుందట. ఆ తర్వాత మొండికేస్తుందట. మనం ఉత్తరాలు రాసుకుంటూ పోగొట్టే రోజులు ఆ కంటివి.

మీ ఉత్తరం చూసి తమ్ముడు, "గవర్నమెంటే వద్దంటోంది కదక్కా, తీసేద్దాం" అంటున్నాడు. పిల్ల ఏడుపు తట్టుకోలేనివాడికి మీరు మంచి సాకు అందించారు. మరదలు వాడితో మాట్లాడటం మానేసింది. అన్నం కూడా నా చేత పెట్టిస్తోంది.

ఇట్లు,
పిల్ల మేనత్త

తా.క. పిల్ల ఒక షరతు మీద దారికొచ్చింది. దానితో పాటు ఇంట్లో అందరూ ఎడమ కన్ను మూసుకోవాలట. మూసుకున్నాం. మరదలు మాత్రం బస్సు దిగాకే కట్టుకుంటుంది, కంగారు పడకండి.

* * *

పిల్ల మేనత్త గారికి,
విషయం: ఒకే ఇంట ఐదుగురికి ఒకే కన్ను మూతపడుట.

మా సిబ్బంది నిన్న సాయంత్రం మీ వీధికి రాగా, సెలూన్‌లో ఒక కన్ను మూసుకున్న వ్యక్తి వేరొకరి గొంతు వద్ద కత్తి పట్టుకుని ఉండెను. సదరు గడ్డం వ్యక్తి సగం పనితోనే లేచి మా సిబ్బంది వెంట వచ్చేసినాడు. తదుపరి మీ ఇంట పెద్దలు నలుగురికి, పిల్లకు, ఒక బొమ్మకు, గోడ మీది దేవుడి పటమునకు ఎడమ కన్ను మూసియున్నట్లు నివేదిక వచ్చినది. షరతు అని తమరు రాసినారు గాని, ఇది అంటువ్యాధి అని ఈ కార్యాలయం భావించుచున్నది. సెలూన్ తెరవరాదు. పిల్లను బడికి పంపరాదు. పటమునకు ఏ నిబంధన వర్తించునో పై కార్యాలయాన్ని అడిగియున్నాము.

గురువారం స్వయంగా వచ్చెదను. గుడ్డ ఉండవలెనో, తీయవలెనో తేల్చెదను.

ఇట్లు,
అధికారి

తా.క. ముద్ర గడిలో పడలేదు. మూడుసార్లు ప్రయత్నించితిని. పడినట్లే భావించగలరు.

* * *

అధికారి గారికి నమస్కారం.

తప్పకుండా రండి. మా గుమ్మం ఎత్తు తక్కువ, తల వంచాలి.

పటానికి కట్టొద్దని నేను చెప్పాను. "దేవుడు మనతోనే ఉంటాడంటావు కదత్తా, మరి ఆయన కట్టుకోడా?" అంది పిచ్చుక. యాభై దాటిన దాన్ని, రోజూ రెండు పూటలా ప్రార్థించేదాన్ని, నేనే కుర్చీ తెచ్చి, అది కట్టేదాకా పట్టుకున్నాను.

ఇట్లు,
పిల్ల మేనత్త

తా.క. ఆ సగం గడ్డం ఆయన్ని వెంట తీసుకురండి. మిగతా సగం రెండు కళ్ళతో చేస్తానని తమ్ముడు మాటిస్తున్నాడు.

* * *

అధికారి గారికి,
మేనత్త ఆశీస్సులు. మీరు నాకంటే చిన్నవారని మీ జుట్టు చూసి తమ్ముడు చెప్పాడు. ఈ విషయాల్లో వాడు పొరబడడు.

మీరు ఫైలూ, గొడుగూ మా ఇంట్లోనే వదిలి వెళ్ళారు. భద్రంగా ఉన్నాయి. ఇంకొకటి కూడా చెప్పాలి. నెమ్మదిగా చదవండి.

షరతు మీకూ ఉందని పిచ్చుక పట్టుబడితే మీరు నవ్వి కూర్చున్నారు. మీ ఎడమ కంటికి గుడ్డ నేను కట్టాను. "గోడ మీద క్యాలెండర్‌లో ఏం బొమ్మ ఉందో చెప్పు" అని అది అడిగింది. "ఏ గోడ?" అన్నారు మీరు. అందరం నవ్వాం, మీరూ నవ్వారు. తర్వాత, "రెండు కళ్ళకీ కట్టేశారండీ, కాస్త సర్దండి" అన్నారు. సర్దాను. మళ్ళీ అదే అన్నారు. చివరికి గుడ్డ విప్పేసి, ఇంత చిన్న పని కూడా చేతకాదా అని నన్ను మందలించి, నిర్ణయం తర్వాత రాస్తానని వెళ్ళిపోయారు. వెళ్తూ గుమ్మానికి తల తగిలించుకున్నారు.

నేను సరిగ్గానే కట్టాను. రెండుసార్లూ ఎడమ కంటికే. మీ కుడి కన్ను తెరిచే ఉంది. నా వైపే ఉంది.

టీ మరక, గడి దాటిన ముద్ర అప్పుడు గుర్తొచ్చాయి నాకు. చిన్నప్పుడు మీ ఎడమ కంటికి ఎవరూ సెలవు ఇవ్వలేదు బాబూ. తెలియక అయి ఉంటుంది.

మీరు వీధి మలుపు తిరగ్గానే పిచ్చుక నన్ను అడిగింది: "ఆ మావయ్యకి మేనత్త లేదా అత్తా?"

సాయంత్రం మరదలు డ్యూటీ దిగి వచ్చాక అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. తమ్ముడే మొదలుపెట్టాడు. "రేపట్నించి గుడ్డ నేనే కడతానక్కా. ఏడిస్తే ఏడవనీ. నేనూ పక్కన కూర్చుని ఏడుస్తా, కానీ విప్పను."

మరదలు ఇన్నాళ్ళకు వాడి వైపు తిరిగి నోరు విప్పింది. "ముందు నా రెండో చెప్పు వెతికిపెట్టు" అంది. ఇల్లు చక్కబడిందని నాకు అర్థమైంది.

ఆ తర్వాత మీ విషయం వచ్చింది. మీ వైద్యమునకు సంబంధించిన నిర్ణయములు ఈ ఇల్లే తీసుకొనవలసి వచ్చినది. సోమవారం పొద్దున మరదలి బస్సు మీ ఆఫీసు ముందు ఆగుతుంది. మీరు ఎక్కేదాకా హారన్ మోగుతుంది. మా కంటి డాక్టరు గారి దగ్గరికి నేనూ, పిచ్చుకా వెంట వస్తాం. ఆ కన్ను ఈ వయసులో నేర్చుకుంటుందో లేదో ఆయనే చెప్పాలి. నేర్చుకోకపోయినా, ఇన్నేళ్ళూ ఒక్కటే కష్టపడిన ఆ ఎడమ కంటిని ఇకనైనా జాగ్రత్తగా చూసుకోవాలి. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంటానని పిచ్చుక మాటిచ్చింది. గేటు తగిలిన మంగళవారం నాకూ అలాగే మాటిచ్చింది కాబట్టి గట్టిగా పట్టుకోండి.

గుడ్డ ఉంచాలో తీయాలో మీ నిర్ణయం రాయండి. ముద్ర ఎక్కడ పడినా గడిలో పడినట్లే భావిస్తాం.

ఇట్లు,
మేనత్త

తా.క. పటం గురించి పై కార్యాలయం జవాబు కోసం చూడనక్కర్లేదు. పడుకునే ముందు పిచ్చుకే కుర్చీ ఎక్కి దేవుడి గుడ్డ విప్పేసింది. చూసుకోవలసినవాళ్ళు ఒకరు పెరిగారట, ఆయనకు ఇక సెలవు కుదరదట.